"ఒకే భాష, రెండు దేశాలు": కొల్విన్ ఆర్. డి సిల్వా మాటపై చర్చ

"ఒకే భాష అయితే రెండు దేశాలు, రెండు భాషలైతే ఒకే దేశం" అన్న వాక్యాన్ని మన సభ్యులొకరు ఉదహరించి, శ్రీలంక అంతర్యుద్ధానికి మూలకారణం భాషేనని దీన్నిబట్టి చెప్పవచ్చా అని అడిగారు. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే చట్టంపై చర్చ జరుగుతున్న రోజుల్లో, లంక సమసమాజ పార్టీ నాయకుడు కొల్విన్ ఆర్. డి సిల్వా హెచ్చరికగా అన్న మాట ఇది. ఆయన సింహళీయుడే. 1983లో యుద్ధం మొదలయ్యాక ఈ వాక్యాన్ని జోస్యంలా తలుచుకోవడం పరిపాటి అయింది. నా అభిప్రాయంలో హెచ్చరికగా ఇది అక్షరాలా నిజమైంది కాని, కారణాలన్నీ ఇందులోనే ఉన్నాయనుకుంటే చాలా విషయాలు మరుగున పడిపోతాయి.

ముందుగా ఇందులోని "భాష" దేన్ని సూచిస్తున్నదో చూడాలి. ఇంట్లో మాట్లాడుకునే భాష గురించి అక్కడ తగాదా లేదు. కోర్టు తీర్పు, ఉద్యోగ పరీక్ష, పోలీసు ఠాణాలో రాసుకునే ఫిర్యాదు ఏ భాషలో ఉండాలన్నదే తగాదా. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ పనులన్నీ ఇంగ్లీషులో జరిగేవి. ఆ ఇంగ్లీషు తెలిసినవారు జనాభాలో పదో వంతు కూడా లేరు. అందుకే పుట్టిన "స్వభాష" ఉద్యమం తొలిదశలో సింహళం, తమిళం రెండింటి పక్షాన ఇంగ్లీషును ప్రశ్నించింది. 1944లో జె.ఆర్. జయవర్ధనే అప్పటి చట్టసభలో సింహళాన్ని అధికార భాషగా చేయాలని తీర్మానం పెట్టినప్పుడు, సభ దానికి తమిళాన్ని కూడా చేర్చి ఆమోదించింది. పన్నెండేళ్ళు తిరిగేసరికి "స్వభాష" అన్న మాటకు "సింహళం మాత్రమే" అన్న అర్థం స్థిరపడిపోయింది.

ఈ మార్పుకు ఒక సామాజిక వర్గం బలాన్నిచ్చింది. 1956 ఎన్నికల్లో ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకేను గెలిపించిన శక్తులను అక్కడ "పంచ మహా బలవేగయ" అంటారు: సంఘ, వేద, గురు, గొవి, కమ్కరు. అంటే బౌద్ధ భిక్షువులు, దేశీయ వైద్యులు, ఉపాధ్యాయులు, రైతులు, కార్మికులు. మనవారికి ఈ పదాల్లో చాలావరకు చెవికి చుట్టాలే. "కమ్కరు"లో మన "కర్మకరుడు" కనబడుతూనే ఉన్నాడు. వీరిలో మొదటి ముగ్గురు చదువుకున్నవారు, ఊళ్ళో గౌరవం ఉన్నవారు. అయినా ఇంగ్లీషు రానందువల్ల ప్రభుత్వ కార్యాలయం గడప దగ్గర చిన్నబోయినవారు. వారి బాధ నిజమైనది. దానిని కాదని ఈ చరిత్రను చెప్పడం న్యాయం కాదు. అయితే ఇంగ్లీషుపై ఉన్న ఆ కోపానికి చూపించిన పరిష్కారం తమిళుల జీవనాధారం మీద పడింది. ఉత్తరాన తమిళులుండే జాఫ్నా ద్వీపకల్పంలో ఏడాది పొడవునా పారే నదులు లేవు, పొలాలు చిన్నవి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ మిషనరీలు అక్కడ నెలకొల్పిన బడుల చదువు, ఆ చదువుతో వచ్చే సర్కారు ఉద్యోగం అనేక కుటుంబాలకు ఆస్తితో సమానం. సింహళంలో ఉత్తీర్ణులైతేనే ఉద్యోగం, ఉన్నవారికైతే పదోన్నతి అన్న నిబంధన ఆ ఆస్తినే లాగేసుకున్నట్టయింది.

రాజీకి అవకాశం లేకపోలేదు. 1957 జూలైలో బండారనాయకే, తమిళ ఫెడరల్ పార్టీ నేత ఎస్.జె.వి. చెల్వనాయకం ఒక ఒప్పందానికి వచ్చారు. ప్రాంతీయ మండళ్ళు, తమిళ ప్రాంతాల పాలనలో తమిళానికి చోటు అందులో ఉన్నాయి. ఇంతలో వాహనాల నంబరు పలకలపై సింహళ లిపిలో "శ్రీ" అక్షరం రాయాలన్న ఆదేశంపై గొడవ ముదిరింది. ఉత్తరాదిన తమిళులు ఆ అక్షరంపై తారు పూశారు. దక్షిణాదిన సింహళీయులు దుకాణాల బోర్డులపై తమిళ అక్షరాలకు తారు పూశారు. శుభవాచకంగా కాగితం పైన రాసుకునే ఒక్క అక్షరం కోసం వీధుల్లో మనుషులు కొట్టుకున్నారంటే, ఆ అక్షరం వెనుక "ఈ రాజ్యం ఎవరిది?" అన్న ప్రశ్న ఎంతగా పేరుకుపోయిందో ఊహించవచ్చు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించడంతో ఒప్పందం రద్దయింది; మే నెలలో దేశమంతటా అల్లర్లు చెలరేగాయి. ఒక పక్షం రాజీ కుదుర్చుకోవడం, ప్రతిపక్షం దాన్ని ద్రోహమనడం, కుదుర్చుకున్నవారే వెనక్కి తగ్గడం 1965లో ప్రధాని డడ్లీ సేనానాయకే చెల్వనాయకంతో చేసుకున్న ఒప్పందం విషయంలోనూ జరిగింది. రాజకీయంగా యుద్ధానికి దారి వేసింది ప్రధానంగా ఈ అలవాటేనని నేను నమ్ముతున్నాను.

ఆ తర్వాత దెబ్బ విద్యార్థులకు తగిలింది. 1970-71లో వైద్య కళాశాల ప్రవేశానికి 400 మార్కులకు గాను సింహళ మాధ్యమం వారికి 229 సరిపోగా, తమిళ మాధ్యమం వారికి 250 కావలసి వచ్చింది. ఆయుధం పట్టిన తరం ఈ వయసువారే. ఇక 1972 రాజ్యాంగం సింహళానికి అధికార భాష హోదాను స్థిరపరచి, బౌద్ధానికి అగ్రస్థానమిచ్చి, మైనారిటీలకు పాత రాజ్యాంగంలో రక్షణగా ఉన్న 29వ విభాగాన్ని తొలగించింది. దాన్ని రూపొందించిన రాజ్యాంగ వ్యవహారాల మంత్రి కొల్విన్ ఆర్. డి సిల్వాయే. ఈ వాక్యాన్ని ఉదహరించేవారు ఈ సంగతిని చెప్పకుండా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. నాలుగేళ్ళకు, 1976లో, వట్టుకోట్టైలో తమిళ నాయకత్వం ప్రత్యేక రాజ్యం కోరుతూ తీర్మానించింది.

భాషతో ముడిపడనివీ ఉన్నాయి. 1948 పౌరసత్వ చట్టం తేయాకు తోటల్లోని దాదాపు ఏడు లక్షల భారత సంతతి తమిళులను పౌరసత్వం లేనివారిగా మిగిల్చింది. అది భాషా చట్టానికి ఎనిమిదేళ్ళ ముందటి మాట. తమిళం మాట్లాడే ముస్లింలలో అత్యధికులు ఈలం (ప్రత్యేక తమిళ రాజ్యం) ఉద్యమంలో కలవలేదు. 1971లో ప్రభుత్వంపై ఆయుధాలతో తిరగబడిన యువకులైతే సింహళీయులే. వారి భాషకు రాజ్యం దక్కింది గాని వారికి కొలువులు దక్కలేదు.

అనువాదం సంగతికొస్తే, ఇంగ్లీషు మూలంలోని "నేషన్"కు "దేశం" కన్నా "జాతి" దగ్గరగా ఉంటుందని ఒకరు సూచించారు. మన వాడుకలో "జాతి"కి వంశం, పుట్టుక అన్న ఛాయలుండటం వల్ల, వక్త నివారించదలచిన విభజనే ఆ పదంలో ముందుగా తొంగిచూస్తుందని నా సందేహం. అందుకే "దేశం" ఉంచడమే మేలనుకుంటున్నాను. మరొక మాట: 1987లో చేసిన 13వ రాజ్యాంగ సవరణ, శ్రీలంక అధికార భాష సింహళమని ఒక వాక్యంలో చెప్పి, తమిళం "కూడా" ఒక అధికార భాషేనని మరో వాక్యంలో చేర్చింది. అప్పటికి యుద్ధం నాలుగేళ్ళ వయసుది. అది 2009 మే వరకు ఆగలేదు. సింహళ, తమిళ పాఠాల్లో ఆ "కూడా"ను ఎలా రాశారో, రెండింటిలోనూ దాని బరువు ఒక్కటేనా అన్నది ఆ భాషలు తెలిసిన సభ్యులు వివరించగలరు.