చర్చి శ్మశానంలో కాన్ఫెడరేట్ సైనికుల సమాధులు వెతకడం సబబేనా?

కేరీ వాసి: నార్త్ కరోలినాలో మా ఇంటికి గంట దూరంలో ఒక పల్లె చర్చి ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) దక్షిణాది (కాన్ఫెడరేట్) తరఫున పోరాడినవాళ్ల సమాధులు అక్కడ వెతుకుతున్నారు. సాయానికి రమ్మంటే పోయిన శనివారం వెళ్లాను. ప్రభుత్వం ఇచ్చిన రాయి ఉంటే గుర్తుపట్టడం తేలికే, కాన్ఫెడరేట్ రాయికి పైన మొన ఉంటుంది, ఉత్తరాది సైనికుడి రాయి పైభాగం గుండ్రంగా ఉంటుంది. రాయి లేనిచోట సన్నటి ఇనప చువ్వ గుచ్చి చూస్తారు. ఒకప్పుడు తవ్వి పూడ్చిన నేలైతే మెత్తగా దిగిపోతుంది. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన సైన్యం కోసం ఇంత శ్రమ పడొచ్చా?

అట్లాంటా నుంచి: నేనైతే వెళ్లను. గుర్తు రాయి లేని కాన్ఫెడరేట్ సమాధులకు ఫెడరల్ ప్రభుత్వం ఉచితంగా రాళ్లివ్వాలని 1929లోనే చట్టం చేశారు. మరి బానిసలకో? 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టీ తీసి చూడండి. యజమాని పేరు ఉంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు లాంటి వివరాలే. దాదాపు ఎక్కడా మనిషి పేరు రాయలేదు.

రిచ్‌మండ్ నుంచి: మీ కోపం న్యాయమైనదే అండీ. కానీ 1862 ఏప్రిల్‌లో దక్షిణాది ప్రభుత్వం చట్టం తెచ్చి 18 నుంచి 35 ఏళ్లవాళ్లను సైన్యంలోకి లాక్కెళ్లారు. అదే ఏడాది, 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి మినహాయింపు ఇచ్చారు. బీద రైతు కొడుక్కి ఆ దారి లేదు. వాడెక్కడ పడుకున్నాడో ఇంటివాళ్లకు తెలియాలి కదా?

అట్లాంటా నుంచి: తెలియనివ్వండి, అడ్డు చెప్పను. కానీ ఆ రాతి మీద 'సదరన్ క్రాస్ ఆఫ్ ఆనర్' అనే శిలువ చెక్కుతారు, దక్షిణాది సైనికుల గౌరవ చిహ్నంగా. నా బాధ అక్కడే.

కేరీ వాసి: ఒక సంగతి చెప్పలేదు. మేం గీసుకున్న హద్దు దాటి, బిళ్లగన్నేరు కుటుంబానికి చెందిన తీగ దట్టంగా అల్లుకున్నచోట చువ్వ మెత్తగా దిగింది. తల వైపు ఒక మామూలు బండరాయి, దాని మీద ఒక్క అక్షరం లేదు. మాతో ఉన్న పెద్దాయన "ఇది మన లిస్టులో లేదు" అని ముందుకు కదిలారు. ఎవరో బానిసదేమో అనిపించి నాకు కాళ్లు ఆడలేదు. నా దగ్గరున్న, చోటు గుర్తుకు పెట్టే చిన్న జెండా అక్కడ గుచ్చి వచ్చాను. చువ్వ దిగిన ప్రతి చోటూ మ్యాపులోకి ఎక్కించాలని వాళ్లకు మెయిల్ రాశాను. ఒప్పుకుంటేనే వచ్చే శనివారం వెళ్తాను.