తక్కువ ధర పిస్టల్‌ను నమ్ముకోవచ్చా? ఒక సందేహం, కొన్ని సమాధానాలు

ప్రశ్న

నమస్కారమండీ. డాలస్‌కు నలభై మైళ్ల దూరంలో పెట్రోలు బంకు, దానికి ఆనుకుని చిన్న కిరాణా దుకాణం నడుపుతున్నాను. గ్రీన్ కార్డు వచ్చి నాలుగేళ్లయింది. రాత్రి పదకొండు గంటలకు దుకాణం కట్టేసి, ఆ రోజు నగదు పట్టుకుని ఒంటరిగా కారు దాకా నడుస్తాను. పోయిన నెలలో పక్క వీధి దుకాణదారును తుపాకీతో బెదిరించి దోచుకున్నారు. అప్పటి నుంచి మా ఆవిడకు నిద్ర లేదు.

నడుముకు కట్టుకునే చిన్న 9 ఎంఎం పిస్టల్ కొనాలనుకుంటున్నాను. మా ఊరి దుకాణంలో టారస్ జీ3సీ 280 డాలర్లు, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ప్లస్ 480, సిగ్ పీ365 560 అన్నారు. నా దగ్గర ఉన్నది మొత్తం 600. ఇదివరకు తుపాకీ పట్టిన అనుభవం లేదు. చౌకది అవసరానికి మొరాయిస్తుందేమోనని భయం. ఖరీదైనది కొంటే ఆ భయం తీరుతుందా? ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. మా నాన్నగారు కూడా విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు.

సమాధానం 1

ముందు మీ నాన్నగారి సంగతి చెబుతాను, మిగతావన్నీ దాని తర్వాతే. హెచ్1బీ, ఎఫ్1, బీ2 వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీని గాని, తూటాలను గాని తమ దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి ఉన్నా మీరు వాటి జోలికి పోవద్దు. పిస్టల్ ఇంట్లో ఉన్నంతసేపూ తాళంలో ఉండాలి, ఆ తాళం నంబరు పెద్దాయనకు తెలియకూడదు. బాబు విషయంలోనూ అంతే. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి గుళ్లు నింపిన తుపాకీ అందేలా అజాగ్రత్తగా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం.

ఇక అసలు ప్రశ్న. 560 పెట్టి సిగ్ కొంటే మీ దగ్గర మిగిలేది 40 డాలర్లు. దానితో మామూలు తూటాలు రెండు పెట్టెలు, మహా అయితే మూడు వస్తాయి. ఆ నూట యాభై కాల్చి నడుముకు కట్టుకుంటారు. ఆ పిస్టల్ మీ చేతిలో, మీరు వాడబోయే తూటాలతో పని చేస్తుందో లేదో అప్పటికి మీకే తెలియదు. కంపెనీ పేరు ఆ పని చేసిపెట్టదు.

నా అనుభవం ఇది. ఆరేళ్ల కిందట ఆ రోజుల్లో అందరూ మెచ్చుకున్న, బాగా ఖరీదైన చిన్న పిస్టల్ ఒకటి కొన్నాను. రేంజిలో (కాల్పుల సాధన చేసే చోట) మామూలు గుండ్రటి మొన తూటాలు వంద కాల్చాను, ఒక్కటీ ఇరుక్కుని ఆగలేదు. ఆత్మరక్షణకు వాడే, మొన గుల్లగా ఉండే హాలో పాయింట్ తూటాలు ఖరీదని వాటితో పరీక్షించకుండానే నాలుగు నెలలు వెంట పెట్టుకు తిరిగాను. ఒకరోజు వాటిని కాల్చి చూస్తే ఆరో తూటా దగ్గర ఆగిపోయింది. సరిచేసి మళ్లీ మొదలుపెడితే తొమ్మిదో తూటా దగ్గర మళ్లీ ఆగింది. వెడల్పాటి ఆ మొన బారెల్‌లోకి (తూటా దూసుకెళ్లే గొట్టంలోకి) ఎక్కే వాలు దగ్గర తట్టుకుంటోంది. కంపెనీకి పంపితే మూడు వారాలకు బాగు చేసి పంపారు, తర్వాత మూడు వందలు కాల్చినా ఇబ్బంది లేదు. కానీ ఆ నాలుగు నెలలూ నేను మోసినది పని చేస్తుందో లేదో తెలియని ఇనుప ముక్కను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చిన్న పిస్టళ్లకు ఈ పేచీ ఎందుకు ఎక్కువంటే, బారెల్ మూడంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) పొట్టిగా, తేలికగా ఉంటుంది. దాన్ని అదుపు చేయడానికి గట్టి స్ప్రింగు పెట్టాలి. స్లైడ్ చాలా వేగంగా వెనక్కి వెళ్లి ముందుకు వస్తుంది. ఆ రెప్పపాటులో మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) లోపలి స్ప్రింగు తర్వాతి తూటాను పైకి లేపి సిద్ధంగా ఉంచాలి. మ్యాగజైన్ కాస్త బలహీనపడినా, మీ మణికట్టు కాస్త సడలినా లయ తప్పుతుంది. నాలుగంగుళాల బారెల్ ఉన్న గ్లాక్ 19 క్షమించే తప్పులను ఈ చిన్నవి క్షమించవు.

పెద్ద పేర్లూ తప్పులు చేశాయి. రెమింగ్టన్ ఆర్51 పిస్టల్ 2014లో మార్కెట్లోకి వచ్చి అదే ఏడాది వెనక్కి పోయింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్స్‌డీఎస్‌ను 2013లో వెనక్కి పిలిచారు. 2020లో స్మిత్ అండ్ వెస్సన్ తన షీల్డ్ ఈజెడ్ 9 ఎంఎం పిస్టళ్లలో హ్యామర్ (తూటా పేలేలా దెబ్బ కొట్టే భాగం) లోపం ఉందని వాటిని తిరిగి తెప్పించుకుంది. సిగ్ పీ365 కూడా 2018లో వచ్చిన కొత్తలో ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) ఫిర్యాదులు ఎదుర్కొని తర్వాత స్థిరపడింది. అందుకే మార్కెట్లోకి వచ్చి ఏడాదైనా నిండని మోడల్ జోలికి వెళ్లవద్దంటాను. ఏది కొన్నా సీరియల్ నంబరును కంపెనీ సైటులో సరిచూసుకోండి.

టారస్ పాత మోడళ్లపై కిందపడితే పేలుతాయన్న ఆరోపణలతో కోర్టు కేసు నడిచి, 2015లో రాజీ కుదిరింది. జీ3సీ 2020లో వచ్చిన వేరే తరం పిస్టల్. ఆ ధరకు అది చెడ్డ వస్తువు కాదు, మూడు మ్యాగజైన్లతో వస్తుంది కూడా. తేడా ఎక్కడంటే, చౌక పిస్టళ్లలో మంచి ముక్క పక్కన పేచీ పెట్టే ముక్క తగిలే అవకాశం ఎక్కువ. అందుకే దాన్ని ఇంకా ఎక్కువగా పరీక్షించాలి. అలా చూస్తే మిగిలిందనుకున్న డబ్బులో కొంత తూటాలకే పోతుంది.

నేనైతే లెక్క ఇలా వేస్తాను: మామూలు తూటాలు 300 (సుమారు 90 డాలర్లు), వెంట ఉంచుకోబోయే హాలో పాయింట్ తూటాలు 100 (సుమారు 110), ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే తొడుగు) 60, తాళం పెట్టె 50, ఒక పూట శిక్షణ 100. ఇవే 410 అయ్యాయి. మొత్తాన్ని 750–800కు పెంచగలిగితే పెంచండి. అందులో పిస్టల్ కోసం, వాడిన షీల్డ్ ప్లస్ గాని, పోలీసు శాఖలు మార్చుకున్న పాత గ్లాక్ గాని 350 లోపు వెతకండి. పోలీసుల తుపాకులకు పైపైన గీతలు ఉంటాయి, లోపల అరుగుదల చాలాసార్లు తక్కువే. హోల్‌స్టర్ దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అర్హత ఉన్న ఇరవై ఒక్కేళ్లు నిండినవారికి పిస్టల్‌ను వెంట ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి కాదు. అయినా లైసెన్సు తీసుకోండి. రుసుము 40 డాలర్లే. దాని తరగతిలో చట్టం తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఎవడైనా నగదు సంచి అడిగితే ఇచ్చేయండి. ఆ పిస్టల్ మీ ప్రాణం కోసం, సంచి కోసం కాదు.

సమాధానం 2

హ్యూస్టన్‌లో ఫార్మసిస్టుగా రాత్రి షిఫ్టు చేస్తాను. పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను గాని, ఒక విషయం చేర్చాలి. ధర కన్నా ముందు చెయ్యి చూసుకోండి. నేను మొదట వెళ్లిన దుకాణంలో "మీకు చిన్నదే మేలు" అంటూ పది ఔన్సులు కూడా లేని .380 (9 ఎంఎం కన్నా చిన్న తూటా) పిస్టల్ అంటగట్టారు. తేలికైన తుపాకీ చేతిలో ఇంకా గట్టిగా తంతుందని ఎవరూ చెప్పలేదు. ఇరవై తూటాలకే అరచెయ్యి కమిలిపోయింది. సాధన చేయాలంటేనే భయం పట్టుకుంది. సాధన చేయని పిస్టల్ ఎంత నమ్మకమైనదైతే నాకేం లాభం?

చాలా రేంజిల్లో పిస్టళ్లు అద్దెకిస్తారు. మీరు చెప్పిన మూడింటినీ తలా యాభై కాల్చి చూడండి. స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగగలుగుతున్నారా, చిటికెన వేలు పిస్టల్ పిడి మీద నిలుస్తోందా, పదో తూటాకు కూడా గురి అక్కడే ఉంటోందా గమనించండి. మీ ఆవిడ కూడా వాడేట్టయితే ఆవిడనూ తీసుకెళ్లండి.

అడిగినవారు, మూడు వారాల తర్వాత

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రేంజిలో మూడూ కాల్చాను. సిగ్ నా చేతికి చిన్నదైంది. టారస్ ఆగలేదు గాని ట్రిగ్గర్ నాకు కుదరలేదు. వాడిన షీల్డ్ ప్లస్ 360కి దొరికింది, సీరియల్ నంబరు సరిచూశాను. నాన్నగారికి విషయం వివరించాను, ఆయనే "నాకు ఆ నంబరు చెప్పొద్దు" అన్నారు.

ఇప్పటికి 250 కాల్చాను. మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ తూటా మొన కిందికి వంగి ఇరుక్కుంది. మనసు కుంగిపోయింది. తిరిగి ఇచ్చేయాలా?

సమాధానం 1 రాసినవారు

తొందరపడకండి. మూడుసార్లూ ఏ మ్యాగజైన్‌తో ఆగింది?

అడిగినవారు

ఇప్పుడు గుర్తు చేసుకుంటే, మూడుసార్లూ పదమూడు తూటాల పెద్ద మ్యాగజైన్‌తోనే. పదిదానితో ఒక్కసారీ ఆగలేదు.

సమాధానం 1 రాసినవారు

అయితే పిస్టల్‌ది కాకపోవచ్చు. రెండింటికీ అడుగున 1, 2 అని పెయింటుతో రాయండి. స్ప్రింగు ఎగిరి కంట్లో తగలకుండా రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, పెద్దదాన్ని ఖాళీగా ఉంచి విప్పి చూడండి. పాత యజమాని శుభ్రం చేసి స్ప్రింగును తిరగేసి పెట్టి ఉండవచ్చు, ఇది తరచూ జరిగేదే. చిన్నదాన్ని కూడా విప్పి పక్కన పెట్టుకుంటే తేడా కనబడుతుంది. స్ప్రింగు సరిగ్గానే ఉంటే పైన తూటాను పట్టి ఉంచే అంచులు వంగాయేమో చూడండి. వంగితే సరిచేయవద్దు, కంపెనీ మ్యాగజైన్ కొత్తది కొనండి, నలభై డాలర్ల లోపే దొరుకుతుంది.

స్ప్రింగు సరిచేసినా, కొత్తది కొన్నా ఆ మ్యాగజైన్‌కు లెక్క మళ్లీ సున్నా నుంచి: వంద మామూలువి, యాభై హాలో పాయింట్. మిగతా యాభై హాలో పాయింట్ పది తూటాల మ్యాగజైన్‌తో కాల్చండి. ఒక్కటి ఆగినా ఇక్కడ రాయండి. అప్పటిదాకా పిస్టల్ తాళంలోనే ఉండనివ్వండి. రాత్రి దుకాణం కట్టేటప్పుడు ఎవరినైనా తోడు పిలుచుకోండి.