మే నెల ఎండలో ముందు మొండికేసేది 300ఎస్‌ఎల్ గల్‌వింగా, టయోటా 2000జీటీనా?

డోన్_డీజిల్:
జర్మనీది మెర్సిడెస్ 300ఎస్‌ఎల్ గల్‌వింగ్, 1954–57 మధ్య 1,400 కార్లు. జపాన్‌ది టయోటా 2000జీటీ, 1967–70లో 351 కార్లే. మనం కొనేది లేదులే గానీ, మిట్టమధ్యాహ్నం కర్నూలు నుంచి అనంతపురానికి తోలితే, అమకతాడు టోల్‌గేట్ క్యూలో ముందు ఆగిపోయేది ఏదన్నా? పోసేది మన బంకుల ఇ20 పెట్రోలే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిందే.

అనంత_గేర్:
2000జీటీనే. దానికి మూడు మికుని-సోలెక్స్ కార్బొరేటర్లు. కదులుతున్నంతసేపు బాగుంటది. ఆపితే ఇంజిన్ కాకకు కార్బొరేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ చాంబర్, దాంట్లో పెట్రోలు మరిగి ఇంజిన్‌కు పోయే గొట్టం, మానిఫోల్డులోకి పొర్లుతుంది. సెల్ఫ్ తిరుగుతది, ఇంజిన్ అంటుకోదు. అప్పుడు యాక్సిలరేటర్ ఊరికే తొక్కి వదిలితే ప్రతి తొక్కుకూ ఇంకాస్త పెట్రోలు చిమ్ముతుంది. నేలకు పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాల, అంటుకున్నాక మెల్లిగా వదలాల.

ఇ20తో ఇంకో తిప్పలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాల. పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ 120 ఉందనుకో, 125 వెయ్యి. 120 అంటే 1.20 మి.మీ. రంధ్రం, వ్యాసం 4 శాతం పెరిగితే వైశాల్యం 8 శాతం పెరుగుతుంది. ఒక్కో కార్బొరేటర్‌కు రెండు జెట్లు, మొత్తం ఆరింటికీ ఒకటే సైజు. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి పొరలు ఊడతాయి, అవి ముందే మార్చాల.

కడప_కార్బ్:
అట్లని 300ఎస్‌ఎల్ సుఖమేం కాదు. కార్బొరేటర్ లేదు, బాష్ పంపు నేరుగా సిలిండర్లోకి కొడుతుంది. ఇగ్నిషన్ ఆపినా ఇంజిన్ నిలిచేదాకా కొడుతూనే ఉంటుంది. ఆ పచ్చి పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఊర్లో చిన్న తిరుగుళ్లకు వాడితే ఆయిల్ బాగా కాగదు, కలిసిన పెట్రోలు ఆవిరి కాదు. అందుకే 1,600 కి.మీ.కే ఆయిల్ మార్చమంటారు.

ఇంక తలుపులు. పైకి తెరుచుకునేది షోకుకు కాదు, పైపుల ఫ్రేము పక్కల ఎత్తుగా ఉండబట్టి. వాటి అద్దాలు కిందికి దిగవు, ఊడదీసి పెట్టుకోవాల్సిందే. టోల్‌గేట్ కాడ కారు కంటే ముందు డ్రైవరే మొండికేస్తాడు!

గుత్తి_గ్రీజు:
హైవే మీద నాకైతే 2000జీటీనే నయం. దానికి నాలుగూ డిస్క్ బ్రేకులు, గల్‌వింగ్‌కు నాలుగూ డ్రమ్ములు. గల్‌వింగ్ వెనక స్వింగ్ యాక్సిల్. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఠక్కున వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుని తోక తిప్పేస్తుంది. పైగా స్టీరింగ్ ఎడమ పక్క. లారీని దాటాలంటే పక్క సీటోడు తొంగిచూసి చెప్పాల.

డోన్_డీజిల్:
మరి ఆ కార్బొరేటర్లకు కింద హీట్ షీల్డ్ రేకు పెడితే?

అనంత_గేర్:
రేకుతో పెద్దగా లాభం లేదు. పొగ గొట్టం (ఎగ్జాస్ట్) ఇంజిన్ హెడ్డుకు అవతలి పక్కనుంది. కాక ఎక్కేది మానిఫోల్డు గుండా. దానికీ కార్బొరేటర్‌కూ నడుమ కాక దాటనీయని బేకలైట్ స్పేసర్ బిళ్ల వెయ్యి. కార్బొరేటర్లు ఆ మందం మేర పక్కకు జరుగుతాయి, కాబట్టి యాక్సిలరేటర్‌ను కార్బొరేటర్లకు కలిపే కడ్డీలు (థ్రాటిల్ లింకేజీ) మళ్లీ కొలిచి బిగించు.