ఫ్లాట్‌లో కాఫీ గింజలు వేయించుకుంటే తప్పా? (పొగ గొడవ)

ఫిల్టర్‌గ్లాసు:
మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మాది మూడో అంతస్తు. రెండేళ్ళుగా ఆదివారం పొద్దున్నే పావుకిలో పచ్చి కాఫీ గింజలు ఇంట్లోనే వేయిస్తున్నాను. ఇనప మూకుడు, అట్లకాడ, పైన చిమ్నీ, అంతే సరంజామా. మొన్న ఆదివారం నాలుగో అంతస్తు ఆవిడ వాట్సాప్ గ్రూపులో "ఎవరింట్లోనో ఏదో తగలబడుతోంది, మా బాత్రూం నిండా పొగ" అని పెట్టారు. రెండు నిమిషాల్లో వాచ్‌మన్ నీళ్ళ బకెట్‌తో వచ్చి మా తలుపు బాదాడు. అప్పుడు నేను జల్లెడలో వేడి గింజలు ఊపుతూ నిలబడి ఉన్నాను, జుట్టు నిండా పొట్టు. సాయంత్రం సెక్రటరీ గారొచ్చి "ఫ్లాట్‌లో కమర్షియల్ పనులు వద్దండీ" అన్నారు. పావుకిలో గింజలు కమర్షియలట!

నేనడిగేది ఒక్కటే. కారం కోసం ఎండుమిర్చి వేయిస్తే బిల్డింగ్ అంతా తుమ్ముతుంది, ఎవరూ ఏమీ అనరు. కాఫీకే ఎందుకీ గోల? నా దగ్గర 1200 సక్షన్ చిమ్నీ ఉంది, పొగంతా అందులోంచే పోతోంది. ఇంతకంటే ఏం చెయ్యాలి?

ఇన్‌స్టంట్‌చాలు:
వేయించి, పొడి కొట్టి, చికోరీ కలిపి మరీ ప్యాకెట్లలో అమ్ముతున్నారు కదండీ. రేపు గోధుమలు కూడా ఇంట్లోనే పండిస్తారా?

ఫిల్టర్‌గ్లాసు:
పచ్చి గింజ పొడి చోట పెడితే నెలల తరబడి ఉంటుంది. వేయించింది మూడు నాలుగు వారాలకే చప్పబడిపోతుంది. పొడి కొడితే ఇంకా త్వరగా. తాగేవాళ్ళకి తేడా తెలుస్తుంది. తెలియనివాళ్ళతో నాకు పేచీ లేదు.

పైఅంతస్తుమనిషి:
నేను మీ పైన ఉండే ఆవిడని కాదు, మాది విజయవాడ. కానీ మా కింద ఇంట్లోనూ మీలాంటి పెద్దమనిషి ఒకరున్నారు కాబట్టి ఆవిడ తరఫున చెప్తాను.

కాఫీ వేయించేవాళ్ళకి ఒక భ్రమ ఉంటుంది: పొగ కూడా కాఫీలాగే ఘుమఘుమలాడుతుందని. లేదండీ. పొడి వాసన వేరు, ఈ పొగ వేరు. మా ఇంటికి వచ్చేది అచ్చంగా కమురు, పాలు అడుగంటి మాడితే వచ్చే రకం. మిర్చి ఘాటు ఐదు నిమిషాలు తుమ్మించి పోతుంది. ఇది కర్టెన్లకి పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. మా అత్తగారికి ఉబ్బసం. ఆయన వేయించిన రోజు ఆవిడ ఇన్‌హేలర్ తీయకుండా ఉండరు. "నా చిమ్నీలోంచి పోతోంది" అంటున్నారు. పోయి ఎక్కడికి చేరుతోందో ఎప్పుడైనా చూశారా?

డక్ట్‌పైపు:
ఆ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. పన్నెండేళ్ళుగా చిమ్నీలు బిగిస్తున్నాను అన్నా, పది ఫిర్యాదుల్లో ఎనిమిది అక్కడే తేలుతాయి.

ముందు ఆ 1200 సంగతి. గంటకి 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని పెట్టె మీద రాస్తారు. అది పైపు పొడుగు, వంపులు లెక్కలోకి రాని అంకె. ఇంట్లో ఆరంగుళాల పైపు వేసి, రెండు ఎల్బో వంపులు తిప్పి, చివర పక్షులు దూరకుండా జాలీ కొడితే అందులో ఎంత మిగులుతుందో ఊహించుకో. పైపు నాలుగంగుళాలకి తగ్గించారంటే ఇంక చెప్పక్కర్లేదు.

రెండోది, నీ పైపు బయటి గోడకి తెరుచుకుందా, డక్ట్‌లోకా? చాలా బిల్డింగుల్లో బాత్రూం కిటికీలన్నీ తెరుచుకునే ఆ ఇరుకు డక్ట్‌లోకే వంటింటి పైపూ వదిలేస్తారు. పైన వానకి షీటు కప్పేసి ఉంటారు. చలికాలం పొద్దున గాలి కదలదు. నీ పొగ మెల్లగా పైకి పాకి, ఎవరి బాత్రూంలో ఎగ్జాస్ట్ ఆపి ఉంటే వాళ్ళింట్లోకి దూరుతుంది. నీ వంటిల్లు శుభ్రం, పైవాళ్ళది పొగగూడు.

మూడోది ఎవరూ పట్టించుకోరు. గాలి బయటికి పోవాలంటే లోపలికి అంత గాలి రావాలి. కిటికీలు బిగించి, తలుపు వేసి చిమ్నీ తొమ్మిదో స్పీడులో పెట్టినా అది గింజుకుంటుందే తప్ప లాగదు. పొయ్యి వెలిగించకుండా చిమ్నీ ఒక్కటే ఆన్ చేసి, ఒక అగరొత్తి వెలిగించి మూకుడు ఉండే ఎత్తులో పట్టుకో. పొగ గీత సూటిగా పైకి పోతే సరే. పక్కకి వంగి హాల్లోకి తిరిగితే నీ సక్షన్ అంతే. అప్పుడు అవతలి వైపు కిటికీ ఒక జానెడు తెరిచి మళ్ళీ చూడు.

పైపే లేకుండా బొగ్గు ఫిల్టరు పెట్టి గాలిని మళ్ళీ వంటింట్లోకే వదిలే చిమ్నీలు కొన్నవాళ్ళుంటే, కాఫీ మాట మర్చిపోండి. అది పోపు వాసన కోసం. పొగలోని నుసి దాన్ని దాటుకుని వచ్చేస్తుంది.

ఫిల్టర్‌గ్లాసు:
అగరొత్తి పట్టాను. వంగింది. పైపు డక్ట్‌లోకే. వంపులు రెండు కాదు, మూడు.

పాడేరు_గాలి:
మాది పాడేరు దగ్గర ఊరు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ. నిజం చెప్పాలంటే మా వైపు పండించేవాళ్ళలో చాలామంది వేయించుకుని తాగరు. పండు కోసి అమ్మేస్తారు. 2019లో అరకు కాఫీకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక బయటివాళ్ళు వచ్చి "మీ ఇంట్లో కాఫీ ఇవ్వండి" అంటే మా అమ్మ టీ ఇచ్చేది. నేను విశాఖలో ఉద్యోగానికి వచ్చాక నేర్చుకున్నాను.

అందరూ పొగని ఎలా బయటికి తోలాలి అనే మాట్లాడుతున్నారు. అంత పొగ ఎందుకు పుట్టిస్తున్నారని ఎవరూ అడగట్లేదు. అన్నగారూ, పావుకిలో వేస్తే చివరికి ఎంత తూగుతుంది?

ఫిల్టర్‌గ్లాసు:
205 గ్రాములు, కాస్త అటూ ఇటూ.

పాడేరు_గాలి:
అంటే 45 గ్రాములు పోయింది. పచ్చి గింజలో పది పన్నెండు శాతం నీరుంటుంది కాబట్టి అందులో ఇరవై ఏడెనిమిది గ్రాములు ఆవిరి. మిగిలిన పదిహేడు, పద్దెనిమిది గ్రాములు పొట్టు, గ్యాసులు, పొగ. వేయించేది ముదిరేకొద్దీ ఈ రెండో లెక్కే పెరుగుతుంది. మీరు బాగా నల్లగా, నూనె తేలి నిగనిగలాడే దాకా తెస్తున్నారని నా అనుమానం.

మొదటి ఐదారు నిమిషాలు పైకి లేచేది పొగ కాదు, ఆవిరి. ఎండుగడ్డి వాసన వేస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. సుమారు 196 డిగ్రీల దగ్గర పేలాలు పేలినట్టు గట్టిగా టప్ టప్‌మంటుంది, ఫస్ట్ క్రాక్. అక్కడ పల్చటి పొగ మొదలు. తర్వాత కాసేపు నిశ్శబ్దం. 224 దాటుతుండగా ఆవాలు చిటపటలాడినట్టు సన్నగా రెండోసారి. నీలం రంగు దట్టమైన పొగ వచ్చేది ఇక్కడే, గింజలోంచి నూనె బయటికొచ్చాక. ఆ సెకండ్ క్రాక్ మొదటి రెండు మూడు చిటపటలు వినగానే దించేస్తే పొగ సగం కూడా ఉండదు. ఫిల్టర్ కాఫీకి ఆ ముదురు చాలు. ఇంకా మాడిస్తే అరకు గింజకీ అడవి గింజకీ తేడా ఉండదు.

మూకుడులో ఇంకో తంటా ఉంది. ఊడిన పొట్టు అడుగుకి చేరి ఇనుము మీద నల్లగా మాడుతుంది. మీ పైవాళ్ళకి తగిలిన కమురులో చాలా భాగం అదే అయ్యుంటుంది. ఫస్ట్ క్రాక్ అయ్యాక ఒకసారి జల్లెడలోకి వంచి, రెండు ఊపులు ఊపి, మూకుడు తుడిచి మళ్ళీ వెయ్యండి. అర నిమిషం పని. కొనేటప్పుడు కూడా చూసుకోండి: పండుతోనే ఎండబెట్టిన 'చెర్రీ' గింజకి పొట్టు ఎక్కువ, గుజ్జు తీసి కడిగిన 'ప్లాంటేషన్' రకానికి తక్కువ.

ఇంకొకటి, దించాక కూడా గింజ తన వేడితో తాను మాడుతూ పొగ వదులుతూనే ఉంటుంది. జల్లెడ కింద టేబుల్ ఫ్యాన్ పెట్టి మూడు నాలుగు నిమిషాల్లో చెయ్యి పెట్టగలిగేంత చల్లార్చాలి.

ఎడిసన్‌వాసి:
న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్‌లో స్టవ్ మీద మైక్రోవేవే చిమ్నీ. అది కింద గాలి పీల్చి పైన మన మొహం మీదే ఊదుతుంది. సెకండ్ క్రాక్‌కి ముందే పొగ అలారం మోగింది, కారిడార్‌లో నిద్రమొహాలతో జనం. ఇప్పుడు అలారానికి షవర్ క్యాప్ తొడిగి వేయిస్తున్నాను. మా ఆవిడేమో ఈ పొగలో డయాసిటైల్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులు పోతాయి, ఎక్కడో చదివాను అంటోంది. నిజమేనా?

పైఅంతస్తుమనిషి:
ఆ క్యాప్ ముందు తీసెయ్యండి. ఏదో ఒక రోజు తియ్యడం మర్చిపోతారు, అదే రోజు నిజంగా అంటుకుంటుంది. ఎండిన పొట్టు అంటే దూది లాంటిది.

పాడేరు_గాలి:
మీ ఆవిడ చదివింది నిజమే, కానీ అది ఫ్యాక్టరీల సంగతి. కాఫీ వేయించి, పొడి కొట్టి, ఫ్లేవర్లు కలిపే చోట పనిచేసేవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాక, నియోష్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ 2016లో డయాసిటైల్‌కి గాలిలో వంద కోట్ల భాగాలకి 5 భాగాలు మించకూడదని సిఫార్సు చేసింది. రోజూ ఎనిమిది గంటల షిఫ్ట్ చేసేవాళ్ళ కోసం అది. వారానికి పావుగంటకి ఆ భయం అక్కర్లేదు. అలాగని మూకుడు మీద మొహం పెట్టి పీల్చమనీ కాదు. మామూలు పొగ కూడా ఉబ్బసం ఉన్నవాళ్ళకి చెడ్డదే, పైఅంతస్తుమనిషి గారు వాళ్ళ అత్తగారి గురించి చెప్పింది అందుకే కొట్టేయలేం.

లవ్‌బర్డ్స్_నెల్లూరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాన్‌స్టిక్ మూకుడులో మాత్రం ఎవరూ వేయించొద్దు. ఆ పూత 260 డిగ్రీలు దాటితే విషపు ఆవిరి వదులుతుంది, కాఫీ కోసం పెద్ద మంట పెడితే అడుగు అంత వేడెక్కడం ఎంతసేపు? మా బాల్కనీ పంజరంలో రెండు పిట్టలు పోయాయి. మనకి తలనొప్పితో పోతుంది, వాటికి ఊపిరే పోతుంది.

మా అమ్మమ్మ పెరట్లో కుంపటి మీద, పిడి ఉన్న ఇనప డబ్బా తిప్పుతూ వేయించేది. వీధి చివరికి వాసన వచ్చేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పెరడు ఉండేది కదా, అందుకని.

ఇన్‌స్టంట్‌చాలు:
మేడ ఎక్కి వేయించుకోండి మరి, పెరడు లేకపోతే. ఇంత రామాయణం దేనికి?

ఫిల్టర్‌గ్లాసు:
(మూడు వారాల తర్వాత)
ఇన్‌స్టంట్ గారి మాట విని మేడే ఎక్కాను. సింగిల్ బర్నర్ స్టవ్, చిన్న సిలిండర్, మూకుడు, జల్లెడ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, టేబుల్ ఫ్యాన్. లిఫ్ట్‌లో రెండు ట్రిప్పులు. పొగ సమస్య పూర్తిగా పోయింది, కాఫీ కూడా పోయింది. గాలికి మంట ఒక పక్కకి వంగి, పన్నెండు నిమిషాల పని ఇరవై రెండు నిమిషాలైంది. గింజ రంగు తిరిగింది గానీ లోపల ఉడికినట్టయింది. డికాక్షన్ అట్టముక్క నానబెట్టిన నీళ్ళలా ఉంది. చుట్టూ అట్టపెట్టె అడ్డం పెడదామనుకుని, పొట్టు సంగతి గుర్తొచ్చి మానుకున్నాను.

పైపుని డక్ట్ నుంచి తీసి బయటి గోడకి తిప్పుతానంటే బిల్డింగ్ బయటి రూపు పాడవుతుందని కమిటీ ఒప్పుకోలేదు.

చివరికి వంటింటి వెనక యుటిలిటీలోకి మార్చాను. అది రోడ్డు వైపు. కిటికీలో పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, దాని కిందే స్టవ్. మూకుడు పట్టుకునే చెయ్యి ఫ్యాన్‌కి మూరెడు దూరంలో ఉంటుంది. హాలు కిటికీ జానెడు తెరిచి అగరొత్తి పడితే గీత సూటిగా ఫ్యాన్‌లోకి పోతోంది. పావుకిలో బదులు 120 గ్రాముల చొప్పున రెండు వాయిలు, మధ్యలో పొట్టు ఊపడం, సెకండ్ క్రాక్ రెండు చిటపటలకే దించడం. 120 వేస్తే ఇప్పుడు 101 వస్తోంది. మొదటి వారం కాఫీ పుల్లగా అనిపించి నాన్నగారు మొహం ముడిచారు. రెండో వారం ఏమీ అనలేదు.

నాలుగో అంతస్తు ఆవిడని నేనే వెళ్ళి అడిగాను. బాత్రూంలోకి రావట్లేదట. కానీ ఇప్పుడు యుటిలిటీ తీగ మీద ఆరేసిన బట్టలకి వాసన పడుతోందట. ఎడం లేని ఇళ్ళలో ఏ వైపు తిప్పినా ఎవరో ఒకరి కిటికీయే ఉంటుంది, ఇదీ నా వాదన.

పైఅంతస్తుమనిషి:
వాదన సంగతి తర్వాత. ఆవిడ బట్టలు ఎన్నింటికి ఆరేస్తారో కనుక్కోండి. మా కింద ఆయన ఏడున్నరలోపు ముగిస్తారు, నేను ఎనిమిదికి వాషింగ్ మెషీన్ వేస్తాను. ఆయన ఊరెళ్ళి ఆలస్యంగా వేయించిన రోజు మాత్రం ఇప్పటికీ గొడవే.

డక్ట్‌పైపు:
ఫ్యాన్ రెక్కలు నెలకోసారి విప్పి తుడువు అన్నా. నూనె జిడ్డు మీద పొట్టు అంటుకుని మందంగా పేరుకుంటుంది. కింద మంట ఉంటుంది, గుర్తుపెట్టుకో.

ఫిల్టర్‌గ్లాసు:
ఇప్పుడే విప్పి చూశాను. మూడు వారాలకే బొగ్గు రంగు. సబ్బునీళ్ళలో నానేశాను. ఈ ఆదివారానికి పొడి బయట నుంచే తేవాలి.

ఇన్‌స్టంట్‌చాలు:
ఏ షాపులో తెస్తున్నారో చెప్పండి, నేనూ ఒకసారి చూస్తా.