రైజెన్ 5 5600కు ఆర్‌టీఎక్స్ 5070 టీఐ జత కుదురుతుందా?

సుబేదారి:
నేను హన్మకొండలో ఉంటాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 మెమరీ, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మానిటర్ 1440పీ, 165 హెర్ట్జ్ (సెకనుకు 165 ఫ్రేమ్‌లు చూపగలది). ఎక్కువగా సైబర్‌పంక్ 2077 వంటి కథ ఉన్న ఆటలు, స్నేహితులు కలిసినప్పుడు కౌంటర్-స్ట్రైక్ 2 ఆడతాను. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కొందామని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విచారిస్తే, ప్రాసెసర్ మార్చకుండా అంత కార్డు పెట్టడం దండగ అని ఒక దుకాణదారు అన్నారు. నెట్‌లో బాటిల్‌నెక్ (ఒక భాగం నెమ్మదించి మిగతావాటిని ఆపడం) శాతం లెక్కగట్టే పేజీలు చూస్తే ఒక్కొక్కటి ఒక్కో అంకె చూపుతోంది. నా దగ్గరున్న డబ్బుకు రెండే దారులు ఉన్నాయి: ఉన్న ప్రాసెసర్‌తోనే 5070 టీఐ తీసుకోవడం, లేదా రైజెన్ 5 7600, దానికి తగిన ఏఎం5 సాకెట్ బోర్డు, డీడీఆర్5 మెమరీ కొని మిగిలిన సొమ్ముతో 5070తో సరిపెట్టుకోవడం. ఏది సబబో కారణాలతో సహా చెప్పగలరు.

కాజీపేట జంక్షన్:
మొదటి దారే సబబు. ఆ శాతాలను ముందు పక్కన పెట్టండి. ఏ ఆట, ఏ రిజల్యూషన్, ఎన్ని ఫ్రేమ్‌లు కావాలి అన్నది అడగకుండా బాటిల్‌నెక్ ఎంతో చెప్పడం, దిగే స్టేషన్ తెలియకుండా టికెట్ ధర చెప్పడం లాంటిది.

ప్రతి ఫ్రేమూ రెండు చేతులు మారి తెర మీదికి వస్తుంది. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏది కదిలింది, ఏ వస్తువులు గీయాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చేసి కార్డుకు ఆదేశాలు పంపితే, కార్డు వాటిని చిత్రంగా గీస్తుంది. రెండింటిలో ఏది ఆలస్యం చేస్తే దాని వేగమే మనకు కనిపించే వేగం. సెకనుకు 60 ఫ్రేమ్‌లకైతే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది, 165కైతే దాదాపు 6 మాత్రమే. రిజల్యూషన్ పెంచినప్పుడు ప్రాసెసర్ పని పెద్దగా మారదు, కార్డు పని మాత్రం బాగా పెరుగుతుంది: 1080పీలో 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో దాదాపు 83 లక్షలు. అందుకే ఇదే జత కౌంటర్-స్ట్రైక్ 2ను 1080పీలో ఆడితే ప్రాసెసర్ దగ్గర ఆగుతుంది, బ్లాక్ మిత్: వుకాంగ్‌ను 4కేలో ఆడితే కార్డు దగ్గర ఆగుతుంది.

కొత్త కార్డు కొనకముందే మీ ప్రాసెసర్ ఎంతవరకు లాగగలదో మీరే చూసుకోవచ్చు. సైబర్‌పంక్‌లో జనం కిక్కిరిసిన బజారుకు వెళ్లి, రిజల్యూషన్‌నూ అప్‌స్కేలింగ్‌నూ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే పద్ధతి) అన్నిటికన్నా కిందికి దించండి. జనసాంద్రతను, రే ట్రేసింగ్‌ను (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే పద్ధతి) మాత్రం మీరు చివరికి ఆడబోయే స్థాయిలోనే ఉంచండి, ఎందుకంటే అవి ప్రాసెసర్ మీద కూడా భారం వేస్తాయి. కార్డు పనిని కొలిచే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో కార్డు వినియోగం 90 శాతం కంటే బాగా తగ్గిందో లేదో గమనించండి. తగ్గితే అప్పుడు కనిపించే ఫ్రేమ్‌ల సంఖ్యే మీ 5600 పరిమితి. ఏ కార్డు పెట్టినా ఆ చోట అంతకు మించి రాదు. ఆ సంఖ్య మీకు చాలనుకుంటే చర్చ అక్కడితో ముగిసినట్టే. మరొక్క మాట: ప్రాసెసర్ వినియోగం 45 శాతమే చూపుతోంది కనుక అది ఖాళీగా ఉందని అనుకోవద్దు. 12 థ్రెడ్లలో (ప్రాసెసర్ ఒకేసారి నడపగల పని వరుసలు) ఆట ప్రధాన థ్రెడ్ ఒక్కటి పూర్తిగా నిండినా, మొత్తం లెక్కలో అంకె చిన్నగానే కనిపిస్తుంది.

గోదావరిఖని:
కాజీపేట గారు చెప్పిన సూత్రంతో నాకు పేచీ లేదు, దాని నుంచి తీసిన నిర్ణయంతోనే ఉంది. 1440పీలో భారమంతా కార్డు మీదే పడుతుందని ధైర్యం చెప్పే వారు, ఈ రోజుల్లో 1440పీని ఉన్నదున్నట్టు గీయించి ఆడేవారు ఎంతమందో ఆలోచించాలి. ఎన్విడియా అప్‌స్కేలింగ్ అయిన డీఎల్‌ఎస్‌ఎస్‌ను క్వాలిటీ స్థాయిలో పెట్టగానే కార్డు నిజంగా గీసేది 1707×960, అంటే 16.4 లక్షల పిక్సెళ్లు. అది 1080పీ కంటే కూడా తక్కువ. పేరుకు 1440పీ అయినా ప్రాసెసర్ మీద పడే ఒత్తిడి మాత్రం 1080పీ ఆటగాడికి ఉండేదే. పైగా రే ట్రేసింగ్‌లో కిరణం ఏ వస్తువును తాకుతుందో వెతకడానికి వాడే అమరికను, కదిలే వస్తువులు ఉన్నప్పుడల్లా సరిచేస్తూ ఉండాలి. అందులో కొంత పని ప్రాసెసర్‌దే. ఆర్‌టీఎక్స్ కార్డులను నడిపించే ఎన్విడియా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో ఏఎండీ రేడియాన్ కార్డుల డ్రైవర్ కంటే ఎక్కువ ప్రాసెసర్ సమయం తీసుకుంటుందని 2021లోనే సమీక్షకులు కొలిచి చూపారు.

అన్నిటికన్నా ముఖ్యం, మీరందరూ సగటు గురించే మాట్లాడుతున్నారు. ఆడేటప్పుడు కంటికి, చేతికి తెలిసేది అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేములు. సగటు 90 ఉండి మలుపు తిరిగిన ప్రతిసారీ 45కు పడిపోయే ఆట కంటే, కదలకుండా 70 దగ్గర నిలిచే ఆటే నయం. ఆ కుదుపులు చాలావరకు ప్రాసెసర్, మెమరీ దగ్గర పుట్టేవే. అందువల్ల 7600తో 5070 తీసుకోవడమే నా సలహా. ఏఎం5 సాకెట్‌కు కనీసం 2027 వరకు మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. కాబట్టి రెండేళ్ల తరువాత అదే బోర్డులో ఇంతకంటే మంచి ప్రాసెసర్ పెట్టుకోవచ్చు.

కాజీపేట జంక్షన్:
అప్‌స్కేలింగ్ మాట నిజమే. అయితే ప్రాసెసర్ పరిమితి వద్ద కార్డు ఖాళీగా మిగిలితే ఆ మిగులును బొమ్మ నాణ్యతకు వాడుకోవచ్చు. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ బదులు డీఎల్‌ఏఏ పెడితే పూర్తి 1440పీలోనే గీయిస్తాం, ఫ్రేములు పెద్దగా తగ్గవు. కుదుపుల విషయంలోనూ ఒక ఉపాయం ఉంది. పరిమితి 80 అని తెలిసినప్పుడు ఫ్రేములకు హద్దు పెట్టే రివాట్యూనర్ ప్రోగ్రామ్‌లో 70 దగ్గర కట్టేస్తే ప్రాసెసర్‌కు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. మానిటర్‌కు వేరియబుల్ రిఫ్రెష్ (ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం) ఉంటే ఆట చాలా సాఫీగా సాగుతుంది.

మీరు వదిలేసిన సంగతి మరొకటి ఉంది. 5070లో ఉన్నది 12 జీబీ మెమరీ, 5070 టీఐలో 16 జీబీ. ప్రాసెసర్‌ను తరువాత మార్చుకోగలం, కార్డు మీద మెమరీని మాత్రం ఎవరూ అతికించలేరు. 2025 చివరి నుంచి డీడీఆర్5 ధరలు ఏ తీరుగా పెరిగాయో చూస్తూ కూడా ఇప్పుడే కొనమనడం ఎలా సమర్థిస్తారో అర్థం కావడం లేదు.

సుబేదారి:
మీరు చెప్పిన పద్ధతిలో చూశాను. రే ట్రేసింగ్ ఉంచి, రిజల్యూషన్ పూర్తిగా దించితే సైబర్‌పంక్ బజారులో 70–80 మధ్య వస్తోంది, కార్డు సగం ఖాళీగా ఉంటోంది. కౌంటర్-స్ట్రైక్‌లో ఎక్కువ సేపు 200 దాటుతోంది. ఇంకొక అనుమానం ఉంది: నా బోర్డులో కార్డు అమర్చే పీసీఐఈ స్లాటు పాత 3.0 రకందే. దానివల్ల నష్టం ఉందా? ఫ్రేమ్ జనరేషన్ పెట్టుకుంటే ప్రాసెసర్ బెడద పోతుందని కూడా ఒకరు అన్నారు.

రామప్ప దారి:
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను గానీ, ఇద్దరు పెద్దలూ మూడో దారిని పూర్తిగా మరిచారు.

ముందు మీ అనుమానాలు. 5070 టీఐ 16 లేన్లూ (సమాచారం వెళ్లే దారులు) వాడుకునే కార్డు కనుక పీసీఐఈ 3.0 మీద పోయేది స్వల్పమే. 8 లేన్ల 5060 టీఐ, అందులోనూ 8 జీబీది అయితే భయపడాల్సి వచ్చేది. ఫ్రేమ్ జనరేషన్‌లో మధ్యలో చేర్చే ఫ్రేములను కార్డే తయారు చేస్తుంది కనుక ప్రాసెసర్ పరిమితిని దాటి అంకె పెరిగే మాట వాస్తవం. కానీ మౌస్ కదలికకు ఆట స్పందించే వేగం అసలు ఫ్రేములదే. కథల ఆటకు అది వరం, కౌంటర్-స్ట్రైక్‌కు పనికిరాదు.

ఇక మూడో దారి. మీ బీ450 బోర్డు బయాస్‌ను (బోర్డు మూల సాఫ్ట్‌వేర్) తాజా చేస్తే రైజెన్ 7 5700ఎక్స్3డీ గానీ 5800ఎక్స్3డీ గానీ అందులోనే పని చేస్తుంది, మెమరీ మార్చనక్కరలేదు. మీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) 32 ఎంబీ, వీటిలో 96 ఎంబీ. ఆట ప్రధాన థ్రెడ్ తనకు కావలసిన సమాచారం కోసం మాటిమాటికీ బయటి మెమరీ దాకా వెళ్లి ఎదురుచూడడమే చాలాచోట్ల ఆలస్యానికి మూలం. ఆ సమాచారం క్యాష్‌లోనే దొరికితే గోదావరిఖని అన్న చెప్పిన కుదుపులు కూడా తగ్గుతాయి. కొత్తవి ఇప్పుడు దొరకడం కష్టం. పాతది కొంటే పిన్నులు వంగలేదని కళ్లతో చూసి, బోర్డులో పెట్టించి, ఆట నడిపించి చూశాకే డబ్బు ఇవ్వండి.

ఇంకా ఎవరూ అడగలేదు గానీ, మీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఎన్ని వాట్లది? 5070 టీఐ ఒక్కటే 300 వాట్లు తీసుకుంటుంది, ఎన్విడియా సూచించేది 750 వాట్ల సరఫరా. మే నెలలో మన వైపు 44 డిగ్రీల ఎండకు, ఏసీ లేని గదిలో ఆ 300 వాట్ల వేడి ఎటు పోతుందో కూడా లెక్క వేసుకోవాలి. క్యాబినెట్‌లో ముందు నుంచి గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే, ప్రాసెసర్ గురించి ఇంత వాదించి కూడా చివరికి రెండూ వేడెక్కి వేగం తగ్గించుకుంటాయి.

సుబేదారి:
నా ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లదే. ఆ ఖర్చు లెక్కలోకి రాలేదు. ముందు 750 వాట్లది, దానితో 5070 టీఐ తీసుకుంటాను. 5600 అలాగే ఉంటుంది. కథల ఆటలకు 70 ఫ్రేమ్‌లు నాకు చాలు. 5700ఎక్స్3డీ మంచి స్థితిలో ఎక్కడైనా కనిపిస్తే అప్పుడు చూస్తాను.

గోదావరిఖని:
నిర్ణయం మీది, నా అభిప్రాయం మాత్రం మారలేదు. కార్డు వచ్చాక పాత్ ట్రేసింగ్ (రే ట్రేసింగ్‌లో అన్నిటికన్నా భారమైన రకం) పెట్టి, అదే బజారులో, ఫ్రేమ్ జనరేషన్ లేకుండా, సగటుతో పాటు ఒక శాతం అంకెను కూడా ఇక్కడ రాయండి. కొనేముందు కార్డు పొడవునూ మీ క్యాబినెట్ లోపలి కొలతనూ సరిచూసుకోండి, మూడు ఫ్యాన్ల రకాలు కొన్ని క్యాబినెట్లలో పట్టవు.