అప్‌డేట్: మీటింగ్‌లో ఎప్పుడూ ఆ నలుగురే మాట్లాడుతున్నారని అడిగాను కదా

ఆరు నెలల కిందట అడిగాను, మా చిన్న ఊళ్లో పేదరికం తగ్గించాలని మీటింగులు పెడుతున్నాం, కానీ వచ్చేదీ మాట్లాడేదీ ఎప్పుడూ ఆ నలుగురే, అసలు ఇబ్బంది పడుతున్నవాళ్లు ఒక్కరూ రావట్లేదు, ఏం చేయాలి అని. పదిమందికి మించని చిన్న బృందాలు పెట్టమన్నారు మీరు. అదే చేశాం.

ముందు టైమ్ మార్చాం. పనులు ముగిశాక రండి, పిల్లల్నీ తెచ్చుకోండి అన్నాం. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ తట్టలేదంటే బాధేస్తుంది. మొదటి రెండు వారాలు అందరూ మౌనమే. మూడో వారం, మూలన కూర్చుని పాపను జోకొడుతున్న ఒకావిడ తలెత్తకుండానే, "అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేస్తున్నాం, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?" అంది. ఆ తర్వాత ఇంకెవరూ ఆగలేదు.

మీలో ఒకరు చెప్పిన పద్ధతి, అదే 1993లో క్రెట్జ్‌మన్, మెక్‌నైట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తమ పుస్తకంలో రాసింది, చాలా పనికొచ్చింది. ఊరికి ఏం లేదో కాదు, ఎవరికి ఏ పని వచ్చో ముందు రాసుకోవాలి. ఇంటింటికీ తిరిగి రాశాం. లెక్కలు తెలిసినవాళ్లు, మెషిన్లు బాగుచేసేవాళ్లు, ముసలివాళ్లను ఓపిగ్గా చూసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో! మీటింగ్ నడిపే బాధ్యత ఇప్పుడు వారానికొకరిది. పొదుపు లెక్కలు, ఆ రోజు అప్పుల గురించి అడిగిన ఆవిడే చూస్తోంది.

ఆదాయాలు ఇంకా పెరగలేదు, అది ఇంత త్వరగా జరిగేది కాదు. ఇప్పుడు ఇబ్బందల్లా వేరే: మొదటినుంచీ కష్టపడ్డ ఒక పెద్దాయన, తన మాట తగ్గిందని అలిగి రావడం మానేశారు. ఆయన్ని మళ్లీ ఎలా కలుపుకోవాలో, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.