అప్‌డేట్: జీపు ముందు చక్రాలు పట్టేయడం ఆగింది

టాప్ లేని పాత విల్లీస్ జీపును హాట్ రాడ్‌గా (స్పీడు కోసం మార్చిన పాత బండిగా) మారుస్తూ ముందర డిస్క్ బ్రేకులు వేశాక, అనంతపురం టౌన్ దాటేలోపే చక్రాలు పట్టేస్తున్నాయని అడిగాను కదా. కాలిపర్ల (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగాల) తప్పు కాదు.

పట్టేసినప్పుడు కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) పావు తిప్పు వదిలితే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. అంటే లైన్లో ప్రెషర్ నిలిచిపోతోంది. పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే లైన్లోకి ఆయిల్ నెట్టేది) డ్రమ్ము బ్రేకుల కోసం చేసింది. పెడల్ వదిలాక కూడా దాని లోపలి చెక్ వాల్వ్ లైన్లో సుమారు 10 పీఎస్‌ఐ ప్రెషర్ పట్టి ఉంచుతుంది. డ్రమ్ములో షూలను స్ప్రింగు లాగేస్తుంది, డిస్కుకు ఆ స్ప్రింగే లేదు.

ఆ వాల్వ్ పీకేసి, లైను ముందుకీ వెనక్కీ చీలే టీ జాయింటు దాటాక, ముందు లైన్లో 2, వెనక డ్రమ్ముల లైన్లో 10 పీఎస్‌ఐ వాల్వులు పెట్టించా. ముందుది కూడా ఎగ్గొట్టకూడదు: సిలిండర్ ఫ్లోర్ కింద, కాలిపర్ల కంటే దిగువన ఉంది, ఆయిల్ వెనక్కి జారి పెడల్ లోతుకు పోతుంది. పెడల్ వదిలాక సిలిండర్‌ను నొక్కి ఉంచకుండా, దాన్ని నెట్టే పుష్‌రాడ్‌కు ఒక మిల్లీమీటరు సందు కూడా వదిలాం.